ఒకటో తరగతిలో చేతిపని మూల: ప్రాజెక్టు డైరీ

జూన్, బడి తెరిచిన వారం: గది

కృష్ణా డెల్టాలో ఒక ఊరి ప్రాథమిక పాఠశాల. ఒకటో తరగతిలో 28 మంది, ఒక టీచరు. గది ఇరవై అడుగుల పొడవు, పద్దెనిమిది అడుగుల వెడల్పు. కింద నాపరాళ్లు, బయట వరండా, వరండా చివర కుళాయి. పిల్లలు రోజూ 40 నిమిషాలు మట్టితో, రంగుతో, ముగ్గుతో, చెక్క ముక్కలతో పనిచేసే మూల ఒకటి ఏర్పాటు చేయాలి. మాట, రాత, లెక్క అందులోంచే రాబట్టాలి. సామాను వీలైనంతవరకు ఊళ్లో దొరికేదే వాడాలి.

సిలబస్ సంగతేంటని అడిగేవాళ్లకు ముందే జవాబు. 2022లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 3 నుంచి 8 ఏళ్ల పిల్లల చదువు ఆటతోనే నడవాలంటుంది. ఒకటో తరగతి మొదటి మూడు నెలలకు ‘విద్యా ప్రవేశ్’ అనే ఆటల కార్యక్రమం 2021 నుంచీ ఉంది. కాబట్టి అనుమతికి ఇబ్బంది లేదు, ఇబ్బందంతా టైంటేబుల్‌తోనే. చాలా బళ్లలో ‘చేతిపని’ శనివారం చివరి పీరియడ్‌కి పోతుంది. పంచడానికి పది నిమిషాలు, తీసి సర్దడానికి పది నిమిషాలు పోగా పిల్లల చేతికి పదిహేను నిమిషాలు కూడా మిగలవు. మట్టి ముద్ద ఇచ్చాక మొదటి పది నిమిషాలు పిల్లలు పిసకడం, గుచ్చడం, ఒకరి ముద్ద ఒకరు చూసుకోవడమే చేస్తారు. ఆలోచన పుట్టేది ఆ తర్వాతే. అందుకే 40 నిమిషాలు, అదీ ఉదయం ప్రార్థన అయిన వెంటనే.

ఏడుగురు చొప్పున నాలుగు జట్లు. నాలుగు చోట్లూ ఒకేరోజు తెరవకూడదు. తెరిస్తే మూడో రోజుకి ఇసుకలో చెక్క ముక్కలు, రంగులో మట్టి, అంతా ఒకే కుప్ప అవుతుంది. ఒక చోటు అలవాటయ్యాకే రెండోది. అందాకా మిగతా జట్లకు పలకలు, బొమ్మల పుస్తకాలు. మట్టి, రంగు వరండా గుమ్మం దగ్గర, నీళ్లకు దగ్గరగా. చెక్క ముక్కలు నడిచే దారికి దూరంగా, రెండు గోడలు కలిసే చోట. నడిచే దారిలో కట్టిన మేడ ఎవరి కాలో తగిలి కూలుతుంది, కొట్లాట అక్కడే మొదలవుతుంది. పిల్లల తప్పు కాదది, చోటు తప్పు.

అల్మరా పై అర నేల నుంచి 75 సెంటీమీటర్లు దాటకూడదు. ఏ వస్తువు ఎక్కడ పెట్టాలో అర మీద దాని ఆకారం గీసి, పక్కన పేరు పెద్ద అక్షరాలతో రాయాలి: మట్టి, పలక, ఇసుక, చెక్క. పిల్లలు పుస్తకం కంటే ముందు చదివేది ఈ మాటలే.

ఒక నియమం మొదటి రోజు నుంచీ: నమూనా పెట్టేది లేదు. టీచరు ఒక చేప చేసి బల్ల మీద పెడితే 28 చేపలు వస్తాయి. చేప రానివాళ్లు ‘నాకు రాదు’ అని ముద్ద తిరిగిచ్చేస్తారు. జిరాక్స్ తీసి రంగులు నింపమని ఇచ్చే బొమ్మలదీ ఇదే దారి. గీత దాటకుండా నింపడం ఒక నైపుణ్యమే, కానీ అందులో పిల్ల నిర్ణయించుకునేది రంగు ఒక్కటే.

జూన్ చివర: మట్టి తయారీ

డెల్టా నల్లమట్టి బాగా బంకగా ఉంటుంది. తడిస్తే ఉబ్బి, ఆరితే విపరీతంగా కుంచించుకుపోతుంది. చేలో మట్టి తెచ్చి నేరుగా బొమ్మ చేస్తే రెండోరోజుకే పగుళ్లు. కుమ్మరి వాడే చెరువు మట్టి దొరికితే సగం పని తగ్గుతుంది. పై పొర వదిలేసి మోకాలి లోతు నుంచి తవ్వించుకోవాలి. పై మట్టిలో గాజు పెంకులు, ముళ్లు, పశువుల పేడ ఉంటాయి.

తయారీ ఇలా. తెచ్చిన మట్టిని పూర్తిగా ఎండబెట్టి, నిమ్మకాయంత గడ్డలుగా పగలగొట్టాలి. బకెట్‌లో వేసి, మట్టి మీద నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లు పోసి, మర్నాటిదాకా కలపకుండా వదలాలి. బాగా ఎండిన గడ్డ నీళ్లు తగలగానే తనంతట తానే విడిపోతుంది. సగం తడిగా ఉన్న గడ్డ లోపలికి నీరు దిగదు, రోజుల తరబడి గడ్డగానే ఉంటుంది. ఈ ఒక్క మెట్టు వదిలేసినవాళ్లే మట్టి కలవడం లేదని విసుక్కుంటారు. మర్నాడు కలిపి, పాత దోమతెర గుడ్డలో వడకట్టి, పేరుకోనిచ్చి, పైన తేలిన నీళ్లు వంపేయాలి. అడుగు మట్టిని ఇటుకల మీద పరిచిన గోనె సంచుల మీద నీడలో ఆరబెట్టాలి. జూన్ వేడికి రెండు మూడు రోజుల్లో చేతికొస్తుంది. వానలు మొదలైతే వారం పట్టినా ఆశ్చర్యం లేదు.

చెరువు మట్టికయితే పది పాళ్లకు ఒకటిన్నర పాళ్లు, నల్లమట్టికయితే మూడు పాళ్లు జల్లించిన సన్న ఇసుక కలిపి బాగా తొక్కాలి. పరీక్ష: పెన్సిలంత లావు తీగ చేసి వేలికి చుట్టాలి. పగిలితే ఇసుక ఎక్కువైంది, లేదా ఆరిపోయింది. వేలికి అంటుకుంటే నీరెక్కువ. చుట్టి విప్పితే వేలు శుభ్రంగా, తీగ మెరుస్తూ ఉండాలి.

ఒక్కొక్కరికి అరకిలో. ఇది తప్పనిసరి కొలత. గుప్పెడు ఇచ్చి పొదుపు చేస్తే పాములు, లడ్డూలు తప్ప మరొకటి రాదు. అరకిలో ముద్ద రెండు చేతులా పట్టుకోవాలి, లేచి నిలబడి నొక్కాలి. అప్పుడే ‘ఇది ఇల్లు’, ‘ఇది బావి’ అనే మాటలు వస్తాయి. ఏడుగురికి మూడున్నర కిలోలు. మట్టి తిరిగి బకెట్‌లోకే వస్తుంది కాబట్టి మొత్తం పది కిలోలుంటే సరి.

కింద అడుగు పొడవు, అడుగు వెడల్పు ప్లైవుడ్ పలక, దాని మీద గోనె గుడ్డ. ప్లాస్టిక్ షీటు మీద, నాపరాయి మీద తడి మట్టి అతుక్కుని లేవదు, బొమ్మ కాళ్లు అక్కడే ఊడిపోతాయి. నీళ్ల గిన్నె ఇవ్వొద్దు. ఇస్తే పది నిమిషాల్లో అందరిదీ బురదే. తడి స్పాంజి ముక్క ఒకటి మధ్యలో పెడితే అవసరమున్నవాళ్లు వేలు తడుపుకుంటారు. మొదట్లో పనిముట్లూ వద్దు. చేతులతో నొక్కడం, గిల్లడం, లాగడం, చుట్టడం బాగా వచ్చాక ఐస్‌క్రీం పుల్ల, విరిగిన దువ్వెన, కోయడానికి దారం.

జూలై మొదటి సగం: మట్టి దగ్గర

చూసినదొకటి. ఒక పిల్ల గేదె చేసింది. పెద్ద ఒళ్లు, అగ్గిపుల్లలంత కాళ్లు. నిలబెడితే ముందు కాళ్లు వంగి ముక్కు నేలకి తగిలింది. మళ్లీ నిలబెట్టింది, మళ్లీ పడింది. పక్కనున్న టీచరు చెయ్యి ముందుకొచ్చి ఆగింది. ఆ పిల్ల కాళ్లు నాలుగూ పీకి, ఒంటి కింద మడిచి పెట్టి, తోక పక్కకి తిప్పి, ‘టీచర్, పడుకుని నెమరేస్తంది’ అంది. బరువుకి ఆధారం ఎంత కావాలో, ఆధారం చాలకపోతే భంగిమ ఎలా మార్చాలో తనే తేల్చుకుంది. టీచరు కాళ్లు లావు చేసి ఇచ్చి ఉంటే ఆ మాట వచ్చేది కాదు.

అతుకు నేర్పాల్సిందే, అది నమూనా కిందికి రాదు. రెండు భాగాలనూ పుల్లతో అడ్డదిడ్డంగా గీరి, పలచగా కలిపిన మట్టి పూసి, నొక్కి, అతుకు మీద వేలితో రాయాలి. గీరకుండా అద్దిన చెవులు, కొమ్ములు ఆరాక రాలిపోతాయి. రెండు భాగాలూ వేర్వేరుగా కుంచించుకుపోవడమే కారణం. పనితనం నేర్పాలి, బొమ్మ ఏదో పిల్లలకే వదలాలి. ఈ రెండిటికీ గీత ఇక్కడే.

బొటనవేలి కంటే మందంగా ఉన్నవన్నీ పగులుతాయి. పైపొర ఆరి బిగుసుకున్నాక లోపలి తడి తర్వాత ఆరుతుంది. కింద నుంచి లోపలి మట్టి తవ్వేస్తే నిలుస్తుంది. ఆరబెట్టేది నీడలో, పైన న్యూస్‌పేపరు కప్పి, రోజూ తిప్పుతూ. ఫ్యాను కింద పెట్టినవి గాలి తగిలే వైపే పగులుతాయి.

అన్నీ దాచక్కర్లేదు. ‘ఇది ఉంచాలా, బకెట్‌లోకా?’ అని పిల్లనే అడగాలి. ఎక్కువమంది బకెట్‌లోకే అంటారు. బకెట్‌లో తడి గోనె కప్పి మూత పెట్టాలి. వాసన వస్తుంది, అది సూక్ష్మజీవుల పని, మట్టి పాడైనట్టు కాదు, నిజానికి ఇంకా మెత్తబడుతుంది. నాలుగు రోజులు సెలవులుంటే ముద్దకి వేలితో గుంట చేసి నీళ్లు నింపి పెట్టాలి.

చేతులు కడిగేది ముందు బకెట్‌లో, ఆ తర్వాత కుళాయి దగ్గర సబ్బుతో. ఆ బకెట్ నీళ్లు చెట్లకి. తూములో పోస్తే నెల తిరక్కుండా పైపు మూసుకుంటుంది. చేతికి పుండున్న పిల్లలు ఆ వారం రంగు దగ్గరకి. ఆరిన మట్టిని చీపురుతో ఊడవకూడదు, తడి గుడ్డతో తుడవాలి. గాలిలోకి లేచే సన్నటి ఇసుక ధూళి ఊపిరితిత్తులకి మంచిది కాదు. రోజూ గదిలో ఉండేది టీచరే కాబట్టి ఆ ముప్పు ముందు టీచరుకే.

వినాయక చవితి దగ్గరపడితే బజారునిండా అచ్చులు వస్తాయి. అచ్చు గదిలోకి రానివ్వొద్దు. అచ్చు లేకుండా చేసిన వినాయకుడికి తొండం ఎంత పొడుగైనా ఉండొచ్చు.

జూలై రెండో సగం: రంగులు

రంగులు రెండు జాతులు. జేగురు (ఎర్రమన్ను), సుద్ద వంటి ఖనిజ రంగులు, బొగ్గు వెలవవు. ఆకు పసరు, బీట్‌రూట్, బచ్చలి పండ్ల రసం అందంగా ఉంటాయి, కానీ వెలుతురుకి కొద్ది రోజుల్లోనే పాలిపోతాయి. గోడకి ఎక్కేవాటికి మొదటి జాతి, సరదాకి రెండోది. ఏటికొప్పాక లక్క బొమ్మలు చూసి చెట్ల రంగులన్నీ నిలుస్తాయనుకోవద్దు. అక్కడ రంగు లక్కలో కలిసి ఉంటుంది.

అంటు పట్టడానికి తుమ్మ జిగురు. 50 గ్రాములు గోరువెచ్చటి 100 మిల్లీలీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి వడకట్టాలి. రెండు చెంచాల పొడికి ఒక చెంచా జిగురు, తర్వాత పెరుగంత చిక్కన వచ్చేదాకా నీళ్లు. జిగురెక్కువైతే ఆరాక పెచ్చులుగా లేస్తుంది, తక్కువైతే వేలికి అంటుకుంటుంది. మైదా గంజి చవకే గానీ మన ఎండకి సాయంత్రానికే పులుస్తుంది. వాడితే ఏ పూటకా పూట కాచుకోవాలి.

మొదటి వారం రెండు రంగులూ, తెలుపూ మాత్రమే. ఏడు రంగులు ఒకేసారి ఇస్తే పది నిమిషాల్లో ఏడూ ఒకే బురద రంగుకి వస్తాయి, పిల్లలకి ఏది ఎందుకు అలా అయిందో తెలియదు. పసుపు, జేగురు, సుద్ద ఇచ్చినప్పుడు ‘తెల్లది కలిపితే పాలకోవా రంగు’ అని వాళ్లే పేరు పెడతారు. ఆ పేర్లు రాసి గోడకి పెట్టాలి. రెండో వారం బొగ్గు. మూడో వారం శంఖుపూలు: ఇరవై పూలు అరకప్పు వేడినీళ్లలో వేస్తే నీలం. నిమ్మరసం చుక్క వేస్తే ఊదా, ఇంకా వేస్తే గులాబీ. వంటసోడా చిటికెడు వేస్తే ఆకుపచ్చ వైపు తిరుగుతుంది.

పసుపుతో చేయాల్సిన పని ఇంకొకటి ఉంది, పిల్లలు మళ్లీ మళ్లీ అడిగేది. పసుపు నీళ్లు కాగితం మీద పూసి ఆరనివ్వాలి. బట్టల సబ్బు నీళ్లలో పుల్ల ముంచి దాని మీద గీస్తే ఎర్రటి గీత. నిమ్మరసం అద్దితే గీత మళ్లీ పసుపు. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది, పారాణి ఎరుపు వచ్చేదీ అందుకే. ఇంట్లో పారాణికి సున్నం వాడతారు, గదిలో మాత్రం సున్నం వద్దు. కంట్లో పడితే ప్రమాదం. సబ్బు చాలు.

కుంచెలు సన్నవి కొనడం దండగ. ఆరేళ్ల పిల్లల్లో చాలామంది ఇంకా పిడికిట్లో పట్టుకుంటారు. 12వ నంబరు చదును కుంచెలు ఏడు చాలు. మిగతావి చేసుకోవచ్చు: ఈత మట్ట ముక్క చివర రాయితో దంచితే పీచు విడివడి కుంచె అవుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ కలం పద్ధతిలో వెదురు పుల్లకి మొన వెనక గుడ్డ చుట్టి దారం కడితే గుడ్డ రంగుని పట్టి ఉంచుతుంది, వేళ్లతో నొక్కినకొద్దీ దిగుతుంది. వేళ్ల బలానికి ఇంతకన్నా మంచి వ్యాయామం పెన్సిలుతో రాదు.

కాగితం ఏ4 చిన్నది. ఈ వయసులో గీత భుజం నుంచి వస్తుంది, కాగితం దాటిపోతుంది. కనీసం 35 సెంటీమీటర్ల వెడల్పు, 45 పొడవు. మెరిసే క్యాలెండర్ల వెనకవైపు రంగు పీల్చదు, జారుతుంది. గోధుమరంగు ప్యాకింగ్ కాగితం అన్నిటికన్నా నయం.

ఆగస్టు: ముగ్గు, ఇసుక

తెలుగు అక్షరాలు దాదాపు అన్నీ వంపులే. నిలువు గీతలు, అడ్డగీతలతో పేజీలు నింపించే రాత పుస్తకాలు ఇంకో లిపి కోసం పుట్టిన అలవాటు. మన పిల్లలకి కావలసింది సున్నా చుట్టడం, చుట్టి వెనక్కి రావడం, ఎక్కడ ఆగాలో తెలియడం. ఇవన్నీ ముగ్గులో ఉన్నాయి.

మొదట ఇసుక పళ్లెం: 40 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, అంచు రెండు సెంటీమీటర్లు, ఇసుక ఒక సెంటీమీటరు మందం. అడుగున నల్లరంగు పూస్తే గీత స్పష్టంగా కనిపిస్తుంది. ఇసుక ఎక్కువ పోస్తే గీత పూడుకుపోతుంది. తర్వాత నేల మీద బియ్యప్పిండి. బజారు ముగ్గుపిండి రాతిపొడి, కళ్లలో పడితే మంట. బియ్యప్పిండికి చీమలొస్తాయి, రానివ్వండి.

చుక్కలు: ముందు మూడు వరుసలు, మూడేసి చుక్కలు. తర్వాత సందు చుక్క: మధ్య వరుస మూడు, అటూ ఇటూ రెండేసి, మొత్తం ఏడు. పెట్టేటప్పుడు పిల్లల చుక్కలు పోనుపోను దగ్గరవుతాయి, సందు చుక్క నేరు చుక్కలోకి జారుతుంది, గీత కలవదు. చుక్కకీ చుక్కకీ మధ్య వాళ్ల నాలుగు వేళ్ల దూరం పెట్టుకోమంటే సరి, కొలత వాళ్ల చేతిలోనే ఉంది. ఇద్దరిద్దరిని కలిపి కూర్చోబెడితే ఒకరు చుక్క, ఒకరు గీత.

పిండి జార్చే పట్టులో బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మూడూ పనిచేస్తాయి. పెన్సిలు పట్టు అదే. ముగ్గు బాగా అలవాటైన పిల్లలకి ర, ఠ, గ రాయడం కొత్తగా అనిపించదు. ర రాసి మధ్యలో చుక్క పెడితే ఠ అవుతుందని ఒకరు కనిపెడితే మిగతావాళ్లు మిగతా అక్షరాల్లో చుట్టాల్ని వెతుకుతారు: ప, వ, మ.

మగపిల్లలు మొదట్లో ‘మా అక్క వేస్తది’ అని పక్కకి జరుగుతారు. ‘ఏడు చుక్కలు కలిపే దారి ఎన్ని రకాలుగా వస్తుంది నాన్నా?’ అని లెక్కలా అడిగితే దగ్గరకొస్తారు.

సెప్టెంబరు: చెక్క ముక్కలు

అన్నిటికన్నా ఖర్చు, అన్నిటికన్నా తిప్పలు, అన్నిటికన్నా ఎక్కువకాలం నిలిచేది ఇదే.

కొలత: 14 సెంటీమీటర్ల పొడవు, 7 వెడల్పు, 3.5 మందం. ఇదే యూనిట్. మందం ఒకటైతే వెడల్పు రెండు, పొడవు నాలుగు. అమెరికాలో కరొలైన్ ప్రాట్ అనే విద్యావేత్త ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తయారుచేసిన చెక్క ముక్కలదీ ఇదే నిష్పత్తి, ఇప్పటికీ చాలా బళ్లలో వాడేది అదే. ఏడుగురి జట్టుకి: యూనిట్లు 48, రెట్టింపు పొడవువి 24, నాలుగింతలవి 8, సగం ముక్కలు 24, యూనిట్‌ని మూలకు మూల కోసిన ముక్కోణాలు 16. మొత్తం 120. కలప వృథాతో కలిపి రెండున్నర సీఎఫ్‌టీ (ఘనపుటడుగులు). బాగా ఆరిన మామిడి చాలు. పచ్చి మామిడి కోసి ఇస్తే వానాకాలం పోయేసరికి మెలిపడుతుంది, మేడ మూడో అంతస్తుకే ఊగుతుంది.

వడ్రంగికి చెప్పాల్సిన మాట ఒకటుంది. పొడవాటి చెక్క మీద 14, 28, 42 అని వరసగా గుర్తులు పెట్టి కోస్తే ప్రతి ముక్కా రంపపు కోత మందమంత పొట్టి అవుతుంది. రెండు మూడు మిల్లీమీటర్లు పోతే కుర్చీకి పరవాలేదు గానీ ఇక్కడ పనికిరాదు. రంపం పక్కన 14 సెంటీమీటర్ల దగ్గర ఒక దిమ్మ బిగించి, ప్రతిసారీ చెక్కని దానికి ఆనించి కోయించాలి. సరుకు తీసుకునేటప్పుడు పరీక్ష: నాలుగు యూనిట్లు పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చి, పక్కన ఒకటి నిలబెట్టాలి. రెండూ సమానంగా రావాలి. రెండు సగం ముక్కలు కలిపితే ఒక యూనిట్ కావాలి. రాకపోతే తిప్పి పంపేయడమే. పిల్లలు ఇక్కడ నేర్చుకునే లెక్కంతా ఈ సమానత్వం మీదే ఉంది, ముక్క తప్పయితే పాఠమే తప్పవుతుంది.

120 నంబరు, తర్వాత 220 నంబరు గరుకు కాగితంతో రుద్దించి, అంచులు కొద్దిగా మొద్దు చేయించాలి. వార్నిష్ వద్దు, జారుతుంది, పేర్చింది నిలవదు.

పిల్లల కట్టుబడి ఒక వరసలో సాగుతుంది. మొదట మోయడం, కుప్ప పోయడం. తర్వాత వరసలు, స్తంభాలు. తర్వాత రెండింటి మీద ఒకటి పెట్టి వంతెన. తర్వాత నాలుగువైపులా మూసి దొడ్డి. ఆ తర్వాతే ‘ఇది ఫలానా’ అని పేరు. కొత్తగా వచ్చిన పిల్ల రోజుల తరబడి మోస్తూనే ఉంటే ‘కట్టమ్మా’ అని తొందరపెట్టకూడదు.

డెల్టా పిల్లలు వంతెన దశకి రాగానే కట్టేది లాకులు, బ్యారేజీ. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లని చెబితే ‘మన ముక్కలు చాలతాయా?’ అనే ప్రశ్న వెంటనే వస్తుంది. ఒక జట్టు సగం ముక్కల్ని స్తంభాలుగా నిలబెట్టి మధ్య ఖాళీల్ని గేట్లుగా లెక్కేసింది. స్తంభాలు 24, గేట్లు 23. ‘ఒకటేది?’ అని అల్మరా కింద, చాప కింద వెతికారు. మళ్లీ లెక్కేశారు, మళ్లీ వెతికారు. అంతలో ఒకడు చివరి స్తంభం మీద చెయ్యేసి, ‘దీనికవతల నీళ్లు లేవురా, గట్టే’ అన్నాడు. ఇది ఒకటో తరగతి పుస్తకంలో లేని లెక్క.

సర్దడానికి ఎనిమిది నిమిషాలు విడిగా ఉంచాలి. అరలో గీసిన ఆకారాల్లో ముక్కలు పెట్టడం కూడా పాఠమే: యూనిట్ చోట రెండు సగాలు పట్టడం చాలామంది ముందు అక్కడే గమనిస్తారు. ఇంకో మాట. వంతుల పట్టిక లేకపోతే ఈ మూలని మగపిల్లలు ఆక్రమిస్తారు. పట్టిక గోడ మీద ఉంటే వాదన ఉండదు.

అక్టోబరు, దసరా సెలవుల తర్వాత: చిల్లర సామాను

కొబ్బరి చిప్పలు, తాటి టెంకలు, సీసా మూతలు, వెదురు ముక్కలు, గుడ్డ పీలికలు. సెలవుల నుంచి వస్తూ పిల్లలే తెచ్చారు. సంచీ తీసుకునే ముందు టీచరు ఏరాల్సినవి: గురివింద గింజలు చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉన్నా విషం. కొరికినా, దండకోసం రంధ్రం చేసినా మరీ ప్రమాదం. ఆముదం గింజలు, ఉమ్మెత్త కాయలు, గన్నేరు కాయలు అదే కోవ. బటన్ సెల్స్, చిన్న అయస్కాంతాలు, థర్మోకోల్ పూసలు వద్దు. శనగలు, కందులు ముక్కులో పెట్టుకుంటే తడికి ఉబ్బుతాయి, ఆసుపత్రికి పోకుండా రావు. పక్క గదిలో అంగన్‌వాడీ ఉంటే మూడేళ్లలోపు పిల్లలకి అందే చోట 32 మిల్లీమీటర్ల గొట్టంలో పట్టే వస్తువేదీ ఉండకూడదు.

నవంబరు: టీచరు మాట, పిల్లల మాట

‘ఏంటిది?’ అని అడిగితే ఇంకా ఏమీ అనుకోని పిల్ల ఏదో ఒక పేరు చెప్పేస్తుంది, ఇక దానికి కట్టుబడుతుంది. ‘బాగుంది, వెరీగుడ్’ అంటే మర్నాడు అదే మళ్లీ వేసి తెస్తుంది. కనిపించింది చెప్పడం పనిచేస్తుంది: ‘ఈ మూలంతా ఎర్రగా నింపావు. ఇక్కడ మాత్రం వదిలేశావు.’ అని ఆగాలి, మనసులో ఐదు లెక్కపెట్టేదాకా. జవాబు వచ్చేది ఆ మౌనంలోనే. ‘అక్కడ మా నాయనమ్మ కూచుంటది’ లాంటిది.

ఆ వాక్యాన్ని బొమ్మ కింద ఉన్నదున్నట్టు రాయాలి. ‘నెమరేస్తంది’ అంటే నెమరేస్తంది. పుస్తక భాషలోకి దిద్దితే తిరిగి చదివేటప్పుడు పిల్ల తన మాటే చెబుతుంది, కాగితం మీద ఇంకోటి ఉంటుంది, అక్షరానికీ శబ్దానికీ లంకె తెగుతుంది. పుస్తక భాష రెండో తరగతిలో ఎలాగూ వస్తుంది. రోజుకి నలుగురి దగ్గర రాస్తే ఏడు పనిదినాల్లో 28 మందీ అవుతారు. అదే కాగితం వెనక టీచరు తన కోసం రెండు ముక్కలు: ఏం ప్రయత్నించింది, ఎక్కడ ఆగింది.

గోడకి దండెం, క్లిప్పులు. ఎత్తు పిల్లల కంటికి సరిగ్గా, నేల నుంచి మీటరు. ‘మంచివి’ ఏరి పెట్టే పద్ధతి వద్దు, పెట్టాలా వద్దా అనేది పిల్ల నిర్ణయం. ఒక్కొక్కరికి ఒక కవరు, నెలకి రెండు కాగితాలు, తేదీతో. కవర్లు కింద పెడితే చెదలు, గోడకి ఆనిస్తే చెమ్మ, అందుకని వాటినీ దండేనికే.

‘మట్టి పిసకడానికా బడికి పంపేది?’ అని అడిగే అమ్మానాన్నలకి ఉపన్యాసం పనిచేయదు. జూన్, ఆగస్టు, నవంబరు కాగితాలు మూడు వరసగా పెట్టి, ‘మీ అమ్మాయి చదువుతుంది వినండి’ అంటే చాలు.

సంక్రాంతి సెలవుల్లోపు మిగిలిన పనులు: మెలిపడ్డ రెట్టింపు ముక్కలు మార్పించాలి. మట్టిలో ఇసుక పాలు తగ్గించి మళ్లీ తొక్కాలి, చలికాలం నెమ్మదిగా ఆరుతుంది కాబట్టి పగుళ్లు తక్కువ. బ్యారేజీ కట్టిన జట్టు కాలవ కావాలంటోంది. వరండా చివర కుళాయి దగ్గర రెండు మీటర్ల పొడవున, జానెడు లోతున తవ్వించి, అడుగున నల్లమట్టి మెత్తితే నీరు ఇంకదు. మిగిలిపోయిన నల్లమట్టికి అదొక వాడకం.